నెక్కొండలో పులి వేట.. ఆ ఫొటో వెనుక ఎవరున్నారో తెలుసా? కెమెరాతోనే 'రాజా' అయిన దీన్‌దయాళ్ కథ ఇదీ!

వరంగల్: వరంగల్‌లో విజయవాడ వైపు రైలెక్కితే మహబూబాబాద్ రాకముందే నెక్కొండ స్టేషన్ వస్తుంది. బండి స్పీడు మీదుంటే బోర్డు కూడా సరిగ్గా కనపడదు. 1902 ఏప్రిల్‌లో ఆ నెక్కొండ దగ్గరే క్యాంపు వేసుకుని పులుల వేటకు దిగాడు లార్డ్ కర్జన్. అప్పట్లో ఇండియా మొత్తానికి వైస్రాయ్ ఆయనే. వేట అయ్యాక ఒక ఫొటో దిగారు. కర్జన్, పక్కన ఆయన భార్య మేరీ, ముందు నేల మీద చచ్చిపడి ఉన్న పులి. ఇంటర్నెట్‌లో కర్జన్ పేరు కొట్టినవాళ్లు ఆయన పులి ఫొటోలు చూసే ఉంటారు.

ఫొటోలో ఉన్నవాళ్ల గురించి అందరూ రాశారు. ఫొటో తీసిన స్టూడియో గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువే. అది సికింద్రాబాద్ స్టూడియో. ఓనర్ పేరు రాజా దీన్‌దయాళ్. పేరుకు ముందు రాజా ఉంది కదా అని సంస్థానాధీశుడు అనుకోవద్దు. ఆయనకు కోట లేదు, ఊళ్లు లేవు. ఒకప్పుడు పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో ఎస్టిమేట్లు వేసుకునే ఉద్యోగి. కెమెరా పని సొంతంగా పట్టుబట్టి నేర్చుకుని, నిజాం దర్బారు దాకా వచ్చిన మనిషి.

ఆ ఎస్టిమేట్ల గుమాస్తా 'రాజా' ఎలా అయ్యారో ఇప్పుడు చూద్దాం.

ఎక్కడి సర్ధానా.. ఎక్కడి సికింద్రాబాద్!

దీన్‌దయాళ్ పుట్టింది 1844లో. ఊరు సర్ధానా. ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్‌కు దగ్గర. జైన కుటుంబం. ఆయనకు పదమూడేళ్లు వచ్చేసరికి, 1857 మే నెలలో, సిపాయిల తిరుగుబాటు మొదలైంది ఆ మేరఠ్‌లోనే. ఇంటి పక్కనే అంత గొడవ చూసిన ఆ పిల్లాడు, పెద్దయ్యాక బ్రిటిష్ వైస్రాయ్‌లకే ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. విచిత్రమే కదా!

చదువు రూర్కీలో. థామ్సన్ సివిల్ ఇంజినీరింగ్ కాలేజీ. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది దాన్నే. అక్కడ సర్వే, డ్రాయింగ్, ప్లాన్లు గీయడం నేర్చుకున్నారు. 1866లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. భవనానికి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టాలి, కాగితం మీద దాని బొమ్మ గీయాలి. ఇదీ ఆయన డ్యూటీ. గవర్నమెంట్ ఉద్యోగం, చివర్లో పెన్షన్. ఆ రోజుల్లో ఒక మామూలు కుటుంబానికి అంతకంటే ఏం కావాలి?

కానీ ఆ డ్రాయింగ్ బోర్డు దగ్గరే ఆయన కన్ను తయారైంది. ఆయన తీసిన గుళ్లు, కోటలు, ప్యాలెస్‌ల ఫొటోలు జాగ్రత్తగా చూడండి. స్తంభాలు నిటారుగా ఉంటాయి. గోడలు వాలిపోయినట్టు కనపడవు. ఎక్కడ నిలబడితే కట్టడం మొత్తం ఫ్రేములో కూర్చుంటుందో ఆయనకు ముందే తెలిసినట్టు ఉంటుంది. అది ఇంజినీరు కన్ను అని నాకు అనిపిస్తుంది.

ముప్పై ఏళ్లకు కెమెరా పట్టారు

1874లో సరదాగా ఫొటోగ్రఫీ మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు, ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లు.

సరదా అంటే ఇప్పటిలా జేబులోంచి ఫోన్ తీసి నొక్కేయడం అనుకునేరు. అప్పటి పద్ధతి వింటే మనకు ఓపిక ఎంత తక్కువో అర్థమవుతుంది. ముందు ఒక గాజు పలక తీసుకోవాలి. దాని మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమానంగా పోయాలి. చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. తీసిన వెంటనే మళ్లీ చీకట్లోకి పరిగెత్తి డెవలప్ చేయాలి. మొత్తం పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎండ ఎక్కువైతే పలక ఇంకా తొందరగా ఆరిపోతుంది. మన దక్కన్ మే నెల ఎండలో ఈ పని చేయాలంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. పైగా ఔట్‌డోర్ అంటే చీకటి గుడారం, మందు సీసాలు, గాజు పలకల పెట్టెలు అన్నీ వెంట మోసుకెళ్లాలి. ఒక్క పలక పగిలితే ఆ ఫొటో పోయినట్టే.

ప్రింట్ కథ వేరే. కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, దానిపై మళ్లీ సిల్వర్ నైట్రేట్ పట్టించి, నెగటివ్‌ను దానికి ఆనించి ఎండలో పెట్టేవారు. అందుకే వాటిని ఆల్బుమిన్ ప్రింట్లు అంటారు. పాత ఫొటోల్లో కనపడే ఆ గోధుమ రంగు మెరుపు అలా వచ్చిందే. ఈ రోజు మనం ఫిల్టర్ పెట్టి తెచ్చుకుంటున్నాం.

ఇంత తతంగాన్ని ఆయన ఉద్యోగం చేసుకుంటూనే పట్టేశారు. అదృష్టం కూడా కలిసొచ్చింది. ఇందోర్ మహారాజు రెండో తుకోజీరావ్ హోల్కర్ ప్రోత్సహించారు. సెంట్రల్ ఇండియాలో బ్రిటిష్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ చేయూతనిచ్చారు. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజు అయిన ఆయన, ఇండియా టూర్‌కు వచ్చినప్పుడు ఫొటోలు తీసే చాన్స్ దక్కింది. కెమెరా పట్టి రెండేళ్లు కూడా నిండలేదు!

1880ల మొదట్లో డేలీ తర్వాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ వైపు టూర్‌కు వెళ్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకెళ్లారు. ఖజురహో, గ్వాలియర్, సాంచీ.. ఇలా సెంట్రల్ ఇండియా కట్టడాలన్నీ ఆయన గాజు పలకల మీదకు ఎక్కాయి. 1886లో అవి పుస్తకంగా వచ్చాయి. పుస్తకం మీద పేరు మాత్రం గ్రిఫిన్‌ది. మోసింది, తడిపింది, తీసింది, కడిగింది దీన్‌దయాళ్. ఇలాంటివి ఇప్పుడూ జరుగుతుంటాయి, మన ఫీల్డ్‌లో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

పెన్షన్ ఉద్యోగం వదిలి హైదరాబాద్‌కు

ఆయన జీవితంలో అసలు మలుపు ఇక్కడే ఉంది. 1880ల మధ్యలో ఆయన ఉద్యోగానికి ముందు లాంగ్ లీవ్ పెట్టారు. తర్వాత పూర్తిగా బయటికొచ్చేశారు. వయసు నలభై దాటింది. ఇద్దరు కొడుకులు, జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్. ఫొటోగ్రఫీని నమ్ముకుని గవర్నమెంట్ కొలువు వదలడమంటే అప్పట్లో మాటలు కాదు. ఇప్పుడు మాత్రం మాటలా? ఇంట్లో చెప్పి చూడండి తెలుస్తుంది.

ఆ టైమ్‌కు హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కుర్రాడు. 1866లో పుట్టారు, 1884లో పూర్తి అధికారం చేతికొచ్చింది. పులుల వేటంటే ప్రాణం. బట్టలంటే మరీ పిచ్చి. పురానీ హవేలీలో ఆయన పొడవాటి వార్డ్‌రోబ్‌ను ఇప్పటికీ చూపిస్తారు. అలాంటి యువరాజుకు కెమెరా నచ్చకుండా ఎలా ఉంటుంది? దీన్‌దయాళ్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు.

ఇక అక్కణ్నుంచి నిజాం ఎక్కడుంటే దీన్‌దయాళ్ కెమెరా అక్కడ. దర్బారు, సైన్యం పరేడ్, వేట క్యాంపు, విందు, విదేశీ అతిథులు. చౌమహల్లా, బషీర్‌బాగ్, ఫలక్‌నుమా ప్యాలెస్‌ల లోపల కుర్చీలు, అద్దాలు, దీపాలు అప్పట్లో ఎలా అమర్చి ఉండేవో ఇవాళ మనకు తెలుస్తోందంటే ఎక్కువ భాగం ఈయన పుణ్యమే. నిజాం రాజ్యంలోని పాత కట్టడాలను కూడా వదల్లేదు. మన హనుమకొండ వేయి స్తంభాల గుడి కూడా ఆయన కెమెరాకు చిక్కింది. రోజూ దాని ముందు నుంచే బండి మీద వెళ్లేవాళ్లం, ఆ పాత ఫొటో చూస్తే కాసేపు గుర్తుపట్టలేం. చుట్టూ షాపుల్లేవు, హోర్డింగుల్లేవు, ట్రాఫిక్ లేదు.

1894లో నిజాం ఆయనకు బిరుదు ఇచ్చారు. 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్'. ముసవ్విర్ అంటే ఉర్దూలో బొమ్మ గీసేవాడు, చిత్రకారుడు. కత్తి పట్టిన వీరులకు ఇచ్చే 'జంగ్' బిరుదును కెమెరా పట్టినాయనకు ఇచ్చారన్నమాట. విక్టోరియా రాణి నుంచి రాయల్ వారెంట్ కూడా వచ్చింది. డఫ్రిన్ మొదలు కర్జన్ దాకా వరుసగా వైస్రాయ్‌లు ఆయన ముందు కూర్చున్నారు.

ఇక్కడో చిన్న ముచ్చట. 1893లో అమెరికాలోని షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీన్‌దయాళ్ ఫొటోలు పెట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత నెక్కొండలో పులి పక్కన ఫొటో దిగిన మేరీ కర్జన్ పుట్టింది ఆ షికాగోలోనే. పెద్ద వ్యాపారి కూతురు.

కదిలితే పోయింది!

ఆ రోజుల్లో పోర్ట్రెయిట్ అంటే ముందు వరకు పెయింటర్ పని. చిత్రకారుడి ముందు గంటలు, రోజులు కూర్చోవాలి. డబ్బున్నవాళ్లకే కుదిరేది. కెమెరా ఆ గంటల్ని సెకండ్లలోకి తెచ్చింది. అయినా ఆ కొన్ని సెకండ్లు కదలకుండా కూర్చోవడం చిన్న విషయం కాదు. మెడ వెనకాల ఇనుప స్టాండు ఆనించి తల కదలకుండా పట్టి ఉంచేవారు. పాత ఫొటోల్లో మన ముత్తాతలంతా కోపంగా, బిర్రబిగుసుకుని ఉంటారెందుకో ఇప్పుడు తెలిసిందా?

దీన్‌దయాళ్ ఫొటోల్లో ఆ బిగుసుకోవడం తక్కువ కనపడుతుంది. ఆయన ప్రత్యేకత అదే. కుర్చీ ఎక్కడ వేయాలి, చెయ్యి దేనిమీద ఆనించాలి, వెలుతురు ఏ పక్క నుంచి రావాలి.. వీటి మీద ఆయనకు గట్టి పట్టు. గ్రూప్ ఫొటోల్లో ముప్పై నలభై మంది ఉన్నా ఎవరి మొహం ఇంకొకరి వెనక దాగదు. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది కూర్చున్న తీరులోనే తెలిసిపోతుంది. నిజాం మధ్యలో, మిగతావాళ్లు హోదా ప్రకారం. పెళ్లిళ్లలో గ్రూప్ ఫొటో తీయించడానికి పెదనాన్నను ఎక్కడ నిలబెట్టాలి, మేనమామను ఎక్కడ కూర్చోబెట్టాలి అని కొట్టుకుంటాం చూడండి, అలాంటి లెక్కలే. కాకపోతే అక్కడ తేడా వస్తే దర్బారులో మాటొస్తుంది.

స్టూడియోకు నవాబులే కాదు, కంటోన్మెంట్ సోల్జర్లు, ఆఫీసర్లు, వాళ్ల కుటుంబాలూ వచ్చేవి. ప్రతి నెగటివ్‌కు ఒక నంబరు. చాలా ప్రింట్ల కింద మూలన ఆ నంబరు, పేరు ఇప్పటికీ చదవచ్చు. ఎస్టిమేట్లు రాసిన అలవాటు పోలేదేమో!

ఆడవాళ్లకు ప్రత్యేకంగా స్టూడియో

నన్నడిగితే దీన్‌దయాళ్ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. 1892లో హైదరాబాద్‌లో ఆయన జనానా స్టూడియో తెరిచారు. అంటే పూర్తిగా ఆడవాళ్ల కోసం. అప్పట్లో నవాబుల ఇళ్లలో పరదా చాలా కఠినం. పరాయి మగవాడి ముందుకు రావడమే కుదరదు, ఇక ఫొటో దిగడమా! అందుకని ఎత్తైన గోడల మధ్య స్టూడియో కట్టించి, బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. కెమెరా వెనకా ఆడమనిషే, ముందూ ఆడమనిషే.

వ్యాపార తెలివే అనుకోండి. ఇళ్లలో సగం మంది కస్టమర్లు కాలేకపోతున్నారు, వాళ్లను రప్పించే మార్గం ఇది. నిజమే. కానీ ఇంకో వైపు నుంచీ చూడాలి. అద్దంలో తప్ప తన మొహం ఎక్కడా చూసుకోని ఒక అమ్మాయి, మొదటిసారి తన ఫొటోను చేతుల్లోకి తీసుకున్న రోజు అది. ఆ ఫొటోలు ఇళ్ల గడప దాటి బయటికి రావడానికి కాదు, కాబట్టి దర్బారు ఫొటోల్లా అవి ఊరంతా తిరగలేదు. ఎన్నో రకాల పులుల ఫొటోలు చూశాం కానీ ఆ ఆడవాళ్ల మొహాలు మనకు తెలియవు.

కరువు ఫొటోలు.. ఇక్కడే ఒక ప్రశ్న

ఆయన గురించి రాసేటప్పుడు అంతా పొగుడుకుంటూ పోతే అన్యాయమే. దీన్‌దయాళ్ ఫొటోలకు డబ్బులిచ్చింది ఎవరు? రాజులు, దొరలు. వాళ్లు ఎలా కనపడాలనుకున్నారో అలాగే కనపడ్డారు.

1890ల చివర్లో దక్కన్‌ను కరువు పీడించింది. ముఖ్యంగా 1899-1900 కరువు భయంకరం. ఔరంగాబాద్ వైపు జనం అల్లాడిపోయారు. నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయ పనులను దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోలు తీసి ఆల్బమ్‌లు చేసింది. వాటి ఉద్దేశం ఏంటంటే, ప్రభుత్వం బాగా పనిచేస్తోందని చూపించడం. ఇప్పటి భాషలో పీఆర్.

దీనికి ఇరవై ఏళ్ల ముందు, 1876-78 మద్రాసు కరువులో హూపర్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ ఎముకల గూళ్లలా ఉన్న మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెట్టకుండా ఫొటోలు తీస్తావా అని అప్పట్లోనే తిట్టారు. దీన్‌దయాళ్ అంత దూరం పోలేదు. కానీ ఆయన ఫ్రేములో కరువు కంటే కరువు పనుల ఏర్పాట్లే ముందు కనపడతాయి. ఈ రెండింట్లో ఏది నిజం అంటే రెండూ నిజమే, రెండూ సగమే. అయినా ఆ ఆల్బమ్‌ల వల్లే పేరు లేని వేలమంది రైతు కూలీల మొహాలు కొన్నయినా మిగిలాయి. నిజాం కోసం తీసిన ఫొటోల్లో నిజాం కంటే వాళ్లనే ఎక్కువసేపు చూస్తాం ఇవాళ.

నెక్కొండ ఫొటో కూడా ఇలాంటిదే. కర్జన్ హైదరాబాద్‌కు వచ్చింది ఉత్త వేట కోసం కాదు. బేరార్ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు శాశ్వతంగా లీజుకు ఇవ్వాలని నిజాంను ఒప్పించడానికి. అదే ఏడాది ఒప్పందం జరిగిపోయింది. ఏడాదికి రూ.25 లక్షలు, బేరార్ వాళ్లకు. మాటల కోసం వచ్చిన ఆ ట్రిప్‌లోనే వరంగల్ జిల్లా అడవిలో పులులు చచ్చాయి. ఫొటోలో పులి ఒక్కటే కనపడుతుంది, బేరార్ కనపడదు.

చివరి రోజులు

1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరిచారు. రాజుల మీదే ఆధారపడితే కష్టమని ఆయనకు అర్థమై ఉండాలి. బొంబాయిలో పార్సీలు, వ్యాపారులు, అందరూ కస్టమర్లే. రెండు నగరాల్లో స్టూడియోలు, పదుల సంఖ్యలో స్టాఫ్. ఫొటోగ్రాఫర్లు, ప్రింటర్లు, రంగులద్దే ఆర్టిస్టులు. 1903లో ఢిల్లీ దర్బార్‌ను కూడా ఆయన స్టూడియో కవర్ చేసింది.

కానీ 1904లో కొడుకు ధరమ్‌చంద్ చనిపోయారు. ఆ దెబ్బ తగిలిన ఏడాదికే, 1905 జులై 5న, దీన్‌దయాళ్ కన్నుమూశారు. వయసు అరవై ఒకటి. కంపెనీ భారం జ్ఞాన్‌చంద్ మీద పడింది. ఆరేళ్లకు, 1911లో, మహబూబ్ అలీ పాషా కూడా పోయారు. అండగా నిలిచిన దర్బారు మారిపోయింది. అప్పటికే చేతిలో పట్టే కొడాక్ కెమెరాలు వచ్చేశాయి, ఫొటో తీయాలంటే రాజా ముసవ్విర్ జంగే రావాలన్న రోజులు అయిపోయాయి.

మిగిలింది గాజు పలకలు. వాటిని కుటుంబం దశాబ్దాల పాటు దాచింది. గాజు కదా, బరువు, పగిలే భయం, తేమ పడితే బొమ్మ ఊడిపోతుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాళ్ల దగ్గర్నుంచి 2,857 నెగటివ్‌లు తీసుకుంది. ఆయన జీవితంలో తీసినవాటితో పోలిస్తే ఇది కొద్ది భాగమే. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంప్ విడుదల చేసింది.

కర్జన్ మాత్రం తన ఆల్బమ్‌లను వెంట తీసుకెళ్లాడు. ఆ కర్జన్ కలెక్షన్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మన జిల్లా అడవిలో తీసిన ఆ వేట ఫొటోల కింద నెక్కొండ, వరంగల్ అన్న పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉంటాయి. వైస్రాయ్ పేరుంది, ఆయన భార్య పేరుంది. పులిని ఆయన తుపాకీ ముందుకు తరిమిన ఊరివాళ్ల పేర్లు ఎక్కడా రాయలేదు.